పూర్తి మార్కుల వార్డు

మా ఆసుపత్రిలో ఆమెను చేతుల సిస్టరు అనేవాళ్ళం. ఎదురుగా కాదు, చాటుగా. మా చేతులు చూడటమే ఆమె ఉద్యోగం. వార్డులో ఒక మూల స్తంభానికి ఆనుకుని నిలబడేది. రోగిని ముట్టుకోబోయే ముందు ఎవరు చేతులు కడిగారు, పుండుకు కట్టు విప్పి ఎవరు కడగకుండానే పక్క మంచానికి నడిచారు, తొడుగులున్న చేత్తో ఎవరు ఫోను ఎత్తారు, అన్నీ గమనించి వార్డుకు మార్కులు వేసేది. పెద్ద డాక్టరైనా, నేల తుడిచే మనిషైనా ఆమెకు ఒకటే. ముఖం చూసి బొట్టు పెట్టే రకం కాదు. అందుకే అందరికీ సమానంగా ఒళ్ళు మండేది.

నేను పనిచేసేది కత్తెరలూ పట్టకార్లూ ఆవిరిలో ఉడికించే గదిలో. ట్రేలు తోసుకుంటూ అన్ని వార్డులూ తిరుగుతాను. ఆమె లేనప్పుడు చేతులు ఏం చేస్తాయో నాకు తెలుసు. నాకేమిటి, ఆసుపత్రి మొత్తానికి తెలుసు, ఆమెకు తప్ప. తన కళ్ళ మీద ఆమెకు అంత నమ్మకం. అలాంటివాళ్ళను మోసం చేయడం చిన్నపిల్లల చేతిలో బిస్కెట్టు లాక్కోవడం కన్నా తేలిక.

ఆమెకు పెళ్ళి కాలేదు, చేసుకోలేదు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి తనే పెంచింది. వాడు ఇళ్ళకు రంగులు వేసేవాడు. పనినుంచి రాగానే గుమ్మం బయట కుళాయి దగ్గర నిలబెట్టి, గోళ్ళ సందుల్లో రంగు పోయేదాకా తోమించి, అప్పుడు లోపలికి రానిచ్చేది. దేవుడు ప్రత్యక్షమైనా మా అక్క ముందు చేతులు కడుక్కు రమ్మంటుందని వాడు వీధిలో అందరితో చెప్పి నవ్వేవాడు. నవ్వేవాడే కానీ, ఆమె మాట జవదాటేవాడు కాదు. అక్క చెప్పిందంటే వాడికి అది వేదం.

ఒకరోజు నిచ్చెన జారి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పిక్క దగ్గర ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. మా ఆసుపత్రికే తెచ్చారు. ఎముకలో కడ్డీ వేస్తే కాలు నిలుస్తుందని డాక్టరు చెప్పాడు, పుండులో చీము పట్టకపోతేనే అని కూడా చెప్పాడు. నిచ్చెనెక్కి బతికేవాడికి కాలే కూడు. ఎముకల వార్డులు రెండు, పైన ఒకటి, కింద ఒకటి. సిబ్బంది బంధువు కనుక ఏది కావాలో ఆమెనే ఎంచుకోమన్నారు.

కింది వార్డు పెద్ద సిస్టరును మొండిది అనేవాళ్ళం. ఆ వార్డులో అందరూ అన్నిసార్లూ కడగరు. హడావిడిలో మరిచిపోతారు, అది చేతుల సిస్టరు కంట పడుతుంది, మార్కులు పోతాయి. ఎవరో చూస్తున్నారని ఒకలాగా, చూడటం లేదని ఇంకోలాగా ఉండటం మొండిదానికి చేతకాదు. ఒకసారి చేతుల సిస్టరుతో అననే అంది, చేతులు చూసి ఏం లాభం, పైన ఎన్ని పుండ్లు చీము పడుతున్నాయో చూడమని. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని చేతుల సిస్టరు నవ్వేసింది.

పై వార్డు సంగతి వేరు. అక్కడి పెద్ద సిస్టరు నోట్లో బెల్లం ముక్క ఎప్పుడూ ఉంటుంది. ఆమె చేసిన ఏర్పాటు చాలా సులువైంది. గుమ్మం దగ్గర కూర్చునే ఆయా, మెట్ల మీద చేతుల సిస్టరు తల కనబడగానే "నీళ్ళొచ్చాయి" అని లోపలికి కేకేస్తుంది. అంతే, చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ కుళాయి దగ్గరికి పరుగు. ఈమె వచ్చి స్తంభానికి ఆనుకునేసరికి వార్డంతా మోచేతులదాకా నురగ. ఆ వార్డుకు ఎప్పుడూ పూర్తి మార్కులే. గోడకు తగిలించిన ప్రశంసాపత్రాల మీద సంతకం కూడా ఈమెదే.

తమ్ముణ్ణి పై వార్డులో చేర్పించింది. ఇంకేం చేస్తుంది పాపం, తను వేసిన మార్కుల్ని తనే నమ్మకపోతే ఎలా?

కడ్డీ బాగానే వేశారు. ఆమె ఉదయమూ సాయంత్రమూ వచ్చి మంచం పక్కన కూర్చునేది. కూర్చున్నంతసేపూ ఎవరు దగ్గరికి వచ్చినా చేతులు కడుక్కునే వచ్చేవారు. ఒక నర్సు కడిగిన చేతుల్నే మళ్ళీ కడిగి చూపించింది. చూశావా, నిన్నెక్కడ పెట్టానో అని ఆమె తమ్ముడితో గర్వంగా అంది. తర్వాత మిగతా వార్డుల చేతులు చూడటానికి వెళ్ళిపోయేది.

కట్లు మార్చే మనిషి వచ్చేది అప్పుడే. మొదటి మంచం దగ్గర తొడుగులు వేసుకుంటే చివరి మంచం దగ్గర విప్పేవాడు. అవి వాడి చేతులకు మురికి అంటకుండా వేసుకున్నవి, రోగుల కోసం కాదు. పక్క మంచం మీద ముసలాయన నడుము పుండు చీము కారుతూ ఉండేది. దాన్ని తుడిచి, అదే తొడుగులతో వీడి కట్టు విప్పేవాడు. వాసనకు ముక్కు మూసుకోవలసి వస్తే అందుకూ అవే తొడుగులు.

జ్వరం వచ్చింది. కాలు వాచి నిగనిగలాడింది. కుట్ల సందుల్లోంచి పచ్చగా కారింది. ముసలాయన పుండులో ఉన్న క్రిమే వీడి ఎముకలోనూ ఉందని పరీక్షలో తేలింది. ఏ మందూ దానికి లొంగలేదు. కడ్డీ తీశారు, ఎముక గీకారు, మళ్ళీ గీకారు. చివరికి మోకాలి పైదాకా కాలు తీసేశారు. అప్పుడు వార్డంతా కడిగించారు, గోడలు కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మా ఆసుపత్రిని మించింది లేదు.

ఆయా చేతే నిజం చెప్పించుకుని ఆమె పై వార్డు పెద్ద సిస్టరు ముందుకు వెళ్ళి నిలబడింది. నేనక్కడే ట్రేలు సర్దుతున్నాను. ఇన్నాళ్ళూ నన్నెందుకు మోసం చేశారని అడిగింది. అడిగిన గొంతు కోపంగా లేదు, అడుక్కుంటున్నట్టు ఉంది.

పెద్ద సిస్టరు గొంతు పెంచలేదు. "మీరొచ్చినప్పుడు కడిగామా లేదా? కడిగాం. మీరు చూశారు, మార్కులేశారు. మేం అబద్ధం ఎక్కడ చెప్పామమ్మా?"

సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళింది. ఆయన చాలా జాలిపడి, ఇప్పుడు మార్కులు తగ్గిస్తే పగతో చేశారంటారని, పైగా ఇన్నేళ్ళు పూర్తి మార్కులు ఎలా వేశారని ముందు మిమ్మల్నే అడుగుతారని చెప్పాడు. ఆ నెల కూడా పై వార్డుకు పూర్తి మార్కులే వచ్చాయి. మేమందరం చూసీ చూడనట్టు ఊరుకున్నాం. తిలాపాపం తలా పిడికెడు అంటారు, పిడికెడు చొప్పున పంచుకుంటే ఎవరికీ బరువనిపించదు.

తమ్ముణ్ణి కింది వార్డుకు మార్చారు. ఒక మధ్యాహ్నం నేను ట్రే ఇవ్వడానికి వెళ్ళేసరికి ఆమె మంచం అంచున కూర్చుని ఉంది. చెప్పాలని ఎన్నాళ్ళుగా అనుకుందో, అప్పుడు చెప్పింది. నేను లేనప్పుడు వాళ్ళు చేతులు కడిగేవాళ్ళు కాదట్రా, నన్ను మోసం చేశారు అని.

వాడు ఆశ్చర్యపోలేదు. అక్క ముఖంలోకి అయోమయంగా చూశాడు.

"నాకు తెలుసు కదక్కా, రోజూ చూస్తూనే ఉన్నాగా. నువ్వు రాగానే కడగడం నీకిచ్చే మర్యాద అనుకున్నా. ఆ వార్డులో పెట్టింది నువ్వే కదా, నీకు తెలిసే ఉంటుందని ఊరుకున్నా."