జిలానీ మామ వేలికి అందని పాట

మా చిన్నప్పుడు చిత్తూరులో మా ఇంటి పక్కనే జిలానీ మామ మైకుసెట్టు అంగడి ఉండేది... చూపు బాగా మందగించినా ఏ రికార్డు ఏదో ఆయన ఎవర్నీ అడిగేవాడు కాదు. గాళ్ల మీద వేలు ఆనించి, "ఇది పెండ్లి పాట... ఇది ఏడుపు పాట" అని చెప్పేసేవాడు. పాటకూ పాటకూ మధ్య సందు, పాత గీతలు, అన్నీ ఆ వేలికి కంఠతా వచ్చు. నేను దొంగచాటుగా అట్టలు మార్చి పెట్టినా ఇట్టే దొరికిపోయేదాన్ని!

ఎనభైల చివర్లో మా చిన్నాయన కువైట్ నుంచి సీడీ ప్లేయరు తెచ్చాడు. వీధి వీధంతా మా వరండాలోనే... "దీనికి ముల్లు లేదు. కింద నుంచి లేజరని సన్నటి వెలుతురు పడి పాడతాది" అన్నాడు చిన్నాయన. మామ నమ్మలేదు.

"ఇటియ్యి" అని ఆ సీడీ పళ్లేన్ని తీసుకుని రెండు వైపులా తడిమాడు. మెరిసే వైపు నున్నగా ఉంది. రెండో వైపు అచ్చు అక్షరాలు వేలికి కాస్త గరుకుగా తగిలాయి.

"పాట ఈ పక్కనే ఉండాది. దీన్నే కిందికి పెట్టప్పా" అన్నాడు ధీమాగా.

చిన్నాయన అలాగే పెట్టాడు. గిర్రున తిరిగింది... ఆగిపోయింది. పాట లేదు. తిరగేసి పెట్టగానే వీణ మోగింది, ఒక్క గరగర కూడా లేకుండా! అందరూ చప్పట్లు కొట్టారు. మామ మాత్రం చేతిని ఒళ్లో దాచుకున్నాడు.

"ముప్పై ఏండ్లు కూడు పెట్టిన వేలు... ఇంక దీనికి పనిలేదు అయివోరూ" అన్నాడు మా నాయనతో. నాకు ఏడుపొచ్చింది.

నాయన బళ్లో సైన్సు చెప్పేవాడు. లోపలికెళ్లి, అమ్మ పూరీలకు కలిపిన పిండి పట్టుకొచ్చాడు! దాన్ని పొడుగ్గా సాగదీసి, స్పూను కాడతో వరసగా గుంటలు నొక్కాడు... కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. మామ వేలు పట్టుకుని వాటి మీద నడిపించాడు.

"గుంట అంచు తగిలిన చోట ఒకటి. సాపుగా ఉన్నంతసేపూ సున్నాలు. శబ్దాన్ని సెకనుకు నలభై వేలసార్లకు పైగా కొలిచి, ఆ లెక్కంతా ఒకట్లు, సున్నాలు చేసి ఇట్ల, వెంట్రుక కంటే సన్నటి గుంటలుగా రాసినారు భాయ్. వెలుతురు దాన్ని చదివితే మిషను మళ్లా పాట చేస్తాది. లోపల్నించి మొదలై అంచుకొస్తాది."

"లోపల్నించా? మన రికార్డు బయట్నించి లోపలికి గదా పోయేది!"

మామకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆ పిండి మీద మళ్లీ మళ్లీ వేలు నడిపాడు.

"అయితే లోపల గుంట ఉండాది! నా వేలే లావు!" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు విన్నాకే నా మనసు కుదుటపడింది.

ఇప్పుడు మామ లేడు... పాటకు పళ్లెమూ లేదు. ఫోను అద్దం మీద ఏ పాటను తాకినా ఒకటే నునుపు. పూరీ పిండి కలిపిన ప్రతిసారీ నేను మాత్రం స్పూను కాడతో నాలుగు గుంటలు నొక్కి, కళ్లు మూసుకుని తడుముతాను...

పాటను చేత్తో గుర్తుపట్టే మనిషి మీ వీధిలోనూ ఉండేవాడా? ఉంటే ఆయన గురించి రాయరూ...