అత్త చెప్పిన రోగం

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వనపర్తిలో ఒక చిన్న దవాఖానలో రికార్డులు చూసే పనికి కుదిరాను. ఆడవాళ్లలో థైరాయిడ్ లోపం మీద పరిశోధన చేస్తున్న మా డాక్టరమ్మ, పరీక్షకు పిలవాల్సిన వాళ్లను పాత రికార్డుల్లోంచి వెతికి పెట్టమంది. చీటీ రాసే దగ్గర నర్సమ్మ విన్నది విన్నట్టు తెలుగులో టైపు చేసిన రాతలవి. కంప్యూటర్‌లో ‘నీరసం’ అని కొట్టి వెతికాను. తెర మీదికొచ్చిన పేర్లు దాదాపు అన్నీ మగవాళ్లవే.

“మగ్గం మీదా చేనులోనూ నడుములు విరిగేలా పనిచేసే ఆడవాళ్లకు నీరసమే రాదా?” అని మండిపడ్డాను.

నర్సమ్మ నవ్వింది. “ఎందుకు రాదు సార్? గానీ ఆమెను నోరు తెరవనిస్తరా? పక్కన అత్త చెప్తది, నేను రాస్త. ‘పని చేస్తలేదు’ అని కొట్టి జూడుండ్రి.”

కొట్టాను. తెర నిండిపోయింది. రోగి బాధ ఉండాల్సిన చోట ఇంటివాళ్ల ఫిర్యాదు! హేతువాదినని దేవుళ్లనూ దయ్యాలనూ నిలదీస్తూ ఊరూరా వాదించినవాణ్ని. రోజూ నా చేతుల మీదుగా పోయే రాతల్లో రోగి మాటే లేదని నాకు తట్టనేలేదు.

పాన్‌గల్ దిక్కు కోడలొకామె రెండుసార్లు వచ్చి బలం గోలీలతో తిరిగిపోయింది. రెండుసార్లూ ఒకే రాత: ‘పొద్దెక్కినా లేస్తలేదు, మొండిది.’ నర్సమ్మ ఫోన్ చేస్తే అత్త ఎత్తింది.

“దానికి రోగమేంది? తిని పండుకునే రోగం!”

అంటూనే మర్నాడు వెంటబెట్టుకొని వచ్చింది. డాక్టరమ్మ పరిశోధన గురించి వివరంగా చెప్పి, చేరడం ఇష్టమేనా అని కోడలిని అడిగింది.

“ఇష్టమే, రాసుకోండ్రి,” అంది అత్త.

నేను లేచాను. స్త్రీ స్వేచ్ఛ మీద ఉపన్యాసం అందుకున్నాను.

“సార్, జర ఆగుండ్రి,” అంది కోడలు. “నన్ను గూడ చెప్పనియ్యుండ్రి.”

సిగ్గుపడి కూర్చున్నాను. కాళ్లు బరువెక్కుతున్నాయని, ఎండలోనూ చలి పెడుతోందని, బిడ్డను ఎత్తుకోలేకపోతున్నానని ఆమె చెప్పింది. నర్సమ్మ టైపు చేసింది. పరిశోధనలో చేరుతానంటూ కోడలు తనే సంతకం పెట్టింది.

నాలుగు రోజులకు రక్తపరీక్షలో థైరాయిడ్ లోపం తేలింది. రోజూ గోలీ వేసుకుంటే కుదురుకుంటుందని డాక్టరమ్మ అంటుంటే కోడలి ముఖం విప్పారింది. అత్త గాజులు పైకి జరుపుకొని చేయి చాపింది.

“నాది గూడ తియ్యుండ్రి. మా అత్త నన్ను గిట్లనే తిడుతుండె.”

“నీకేమైతుంది పెద్దమ్మా?” అని నర్సమ్మ అడిగింది.

“శానా ఉంది బిడ్డా. మోకాళ్లకాడ మొదలుపెడ్త, రాసుకో.”