రాజేశం మార్చుకున్న స్కిల్స్

మనిషి చేతులను రూపించినవాడు, ఆ చేతులు చచ్చుబడినప్పుడు కూడా మనిషిని విడిచిపెట్టనివాడు అయిన నా దేవునికి స్తోత్రం. ఆయన కృపే లేకపోతే ఇన్నేళ్లు ఈ వృత్తిలో నిలబడేదాన్ని కాదు. ఒక పేషెంటు సంగతి రాస్తున్నాను. పేర్లు మార్చాను. రాయమని చెప్పింది ఆ పేషెంటు భార్యే.

2022 చివరి నెలలు. దుబాయ్‌లో ఒక ఆస్పత్రి రీహాబ్ వార్డులో పనిచేస్తున్నాను. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు మిగిలిన కాస్త శక్తితో బతకడం నేర్పే వార్డు అది. మాది నరసాపురం వైపు. అల్ నహ్దాలో మరో ఇద్దరు నర్సులతో ఒక ఫ్లాటులో ఉండేదాన్ని.

రాజేశం మెట్‌పల్లి దగ్గరి పల్లెటూరి మనిషి. ముప్పై దాటిన వయసు. షట్టరింగ్ కార్పెంటర్, అంటే కాంక్రీటు పోసే ముందు చెక్కల అచ్చు కట్టేవాడు. సైట్‌లో పైనుంచి పడి మెడ ఎముక విరిగింది. కాళ్లు పూర్తిగా పోయాయి. చేతులు భుజం దగ్గర లేచేవి, మణికట్టు కొంచెం పైకి వంగేది, వేళ్లు మాత్రం అసలు కదిలేవి కావు. ఇక నడవలేవని డాక్టరు అతనికి మొదటి వారంలోనే స్పష్టంగా చెప్పాడు. అతను విని తలూపాడు.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. నడుము పట్టేసింది, కంపెనీ వాళ్లు రెస్ట్ ఇచ్చారు అని భార్య మమతకు చెప్పాడు. ఇక్కడ వాట్సాప్‌లో సందేశాలు పోతాయి గాని కాల్ కలవదు. మామూలు ఫోను స్పీకర్‌లో పెట్టి మాట్లాడితే గొంతే గాని మనిషి కనబడడు. అది అతనికి బాగా పనికొచ్చింది.

వార్డులో అతని మొదటి కోరిక నాకు వింతగా అనిపించింది. ఫోన్‌లో ఆట ఆడాలట. కత్తులు, రాక్షసులు ఉండే ఆన్‌లైన్ ఆట. ఆటలు కాలాన్ని తినేస్తాయని మా ప్రార్థన సహవాసంలో విని విని పెరిగినదాన్ని నేను. కానీ ఓటీ, అంటే చేతి పనులు మళ్లీ నేర్పే థెరపిస్టు, సంతోషించింది. అరచేతికి ఒక పట్టీ కట్టి, దానికి ఫోను తెర మీద పనిచేసే పుల్ల బిగించింది. మణికట్టు ఊపితే పుల్ల తెరను తాకుతుంది. ఆటే అతని వ్యాయామం అయింది.

ఆ ఆటలోకి రోజూ ఇంకొకరు వచ్చేవాళ్లు. మమత. ఇక్కడ సాయంత్రం కావస్తుండగా అక్కడ ఆమె బీడీలు చుట్టడం ముగించి ఫోను పట్టుకునేది. దెబ్బ తగలక ముందు అతనుండే డీఐపీ లేబర్ క్యాంపులో గదినిండా మనుషులు, భార్యతో మనసు విప్పి మాట్లాడుకునే చోటు లేదు. కిందటి సెలవులో ఇంటికెళ్లినప్పుడు ఈ ఆట ఆమె ఫోన్‌లో తనే వేసి నేర్పాడట. ఆటలో ఇద్దరూ అడవిలో పక్కపక్కన నడుస్తారు, టైపు చేసుకుంటూ ముచ్చటపెడతారు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లు ఒకే ఇంట్లో గడిపిన రోజుల కంటే ఆ అడవిలో గడిపినవే ఎక్కువ అని ఒకసారి అన్నాడు.

ఆమెది కత్తీ డాలూ పట్టుకుని ముందు నిలబడే యోధురాలి పాత్ర. అతనిది హీలర్, వెనక నిలబడి గాయాలు మాన్పేవాడు.

"మా ఆమె ముందటుండి కొడ్తది సిస్టర్, నేను ఎన్కనుంచి మందు పెడ్త. ఇంట్ల గూడ గట్లనే," అన్నాడు. అతను నవ్వడం అదే మొదటిసారి చూశాను.

మంచాన పక్కకు తిప్పే వేళల్లో ఆ ఆట సంగతి నాకు చెప్పేవాడు. పాత్ర ఒక్కో మెట్టు ఎదిగినప్పుడల్లా ఒక స్కిల్ పాయింట్ వస్తుంది. దాన్ని ఏదో ఒక నైపుణ్యంలో పెట్టాలి. ఒకచోట పెడితే ఇంకోచోటికి ఉండదు, కాబట్టి ఎవరి పాయింట్లు ఎక్కడున్నాయో చూస్తే వాళ్లు ఎలాంటి ఆటగాళ్లో తెలిసిపోతుంది. నైపుణ్యాలు రెండు రకాలు. యాక్టివ్ స్కిల్ అంటే ఆటగాడు సరైన క్షణంలో బటన్ నొక్కితేనే పనిచేసేది. ఒకసారి వాడాక కూల్‌డౌన్ ఉంటుంది, అంటే మళ్లీ నొక్కే ముందు కాసేపు ఆగాలి. పాసివ్ స్కిల్ ఒకసారి తీసుకుంటే చాలు, నొక్కే పనే లేదు. హీలర్లకు ఆరా అని ఒక పాసివ్ ఉంది. హీలర్ ఊరికే నిలబడ్డా, అతని చుట్టూ ఉన్నవాళ్ల గాయాలు నెమ్మదిగా మానుతుంటాయి.

"మరి అదే తీసుకోవచ్చుగా మీరు?" అన్నాను.

"గది సోమరిపోతుల స్కిల్ సిస్టర్. ఊకె నిలబడుడే. నా పాయింట్లన్నీ చెయ్యి మీదనే."

అతని హీలర్ చెయ్యి చాపి తాకితే గాయం ఒక్కసారిగా మానిపోయే యాక్టివ్ స్కిల్ ఒకటుంది. పాయింట్లన్నీ అందులోనే పెట్టాడు. మమత ఒకప్పుడు ఆరా తీసుకొమ్మంటే ఎగతాళి చేశాడట.

ఇప్పుడు ఆ చెయ్యే కష్టమైంది. పుల్ల బటన్ మీద పడేసరికి సమయం దాటిపోయేది. మమత యోధురాలు మాటిమాటికీ పడిపోయేది. ఆమె మొదట వేళాకోళం చేసింది. "డాక్టర్ సాబ్, పండుకున్నవా? నేను సచ్చినంక పెడ్తవా మందు?" అని రాసింది. తర్వాత వేళాకోళం తగ్గింది. నిద్ర సరిపోతలేదా, నడుము బాగా గుంజుతున్నదా అని అడగడం మొదలైంది.

ఇదంతా సాగుతుండగా అతన్ని ఇంటికి పంపే పని ఆగిపోయి ఉంది. పడుకున్న పేషెంటును విమానంలో పంపాలంటే కొన్ని సీట్లు మడిచి, వాటి మీద స్ట్రెచర్ బిగించాలి. ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, డాక్టరు ప్రయాణానికి తగినవాడని రాసివ్వాలి, అవతల విమానాశ్రయంలో చేర్చుకునే కుటుంబ సభ్యుల పేరు ఉండాలి. కంపెనీ తరఫున వీసా కాగితాలు చూసే పీఆర్వో వచ్చి ఎవరి పేరు రాయమంటావని అడిగినప్పుడల్లా రాజేశం తర్వాత చూద్దామనేవాడు. పేరు ఇస్తే ఆమెకు ఫోను వెళ్తుంది, సంగతి తెలుస్తుంది. లేచి కూర్చోగలిగాక తనే చెప్తానని నాతో అనేవాడు.

వెన్నెముక పేషెంటుకు కాలం దయగా ఉండదు. దగ్గే బలం ఉండదు కనుక ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. మూత్రం గొట్టం వల్ల ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇంటికి పంపడానికి ఒక అనువైన సమయం ఉంటుంది, అది దాటితే కష్టం. ఇదంతా అతనికి చెప్పాను. అతని అనుమతి లేకుండా ఇంటివాళ్లకు చెప్పే అధికారం నర్సుకు లేదు. కాబట్టి మోకాళ్ల మీద దేవునికి చెప్పుకున్నాను. అతనితో ఆ మాట అంటే, "మీ దేవునికి మీరు చెప్పుండ్రి, మా రాజన్నకు నేను చెప్పుకుంట," అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం నా బ్రేక్‌లో పిలిచాడు. ఆటలో రీసెట్ అని ఒకటుంది. పెట్టిన పాయింట్లన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ కొత్తగా పంచుకోవచ్చు. ఆ చిన్న చిన్న గళ్ల మీద అతని పుల్ల నిలవడం లేదు, నన్ను నొక్కమన్నాడు.

"చెయ్యి మీదియి అన్నీ తియ్యుండ్రి. ఆరాల పెట్టుండ్రి."

"అన్నీనా?"

"అన్నీ. ఇగ ఆమె పడిపోదు. ఆమెకు అనుమానం రాదు."

అతను చెప్పినట్టే చేశాను. ఒక్కో పాయింటూ ఆ చేతి బొమ్మ పక్కనుంచి తీస్తుంటే అతను కళ్లు మూసుకున్నాడు. నాకు అది ఆటలా అనిపించలేదు.

ఆ సాయంత్రం మమత వచ్చింది. ఇద్దరూ ఒక గుహలోకి వెళ్లారు. అతను అనుకున్నట్టే జరిగింది. ఆమె పడిపోలేదు. అతని పాత్ర పక్కన నిలబడితే చాలు, గాయాలు మానిపోతున్నాయి. పోరు మధ్యలో ఆమె యోధురాలు కత్తి దించి ఆగిపోయింది. తర్వాత తెర మీద మాట వచ్చింది.

"నీ చేతులకు ఏమైంది?"

అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు. మందుల ట్రాలీతో పక్క మంచం దగ్గరున్న నన్ను పిలిచాడు. ఫోను స్టాండులో ఉంది, ఆమె మళ్లీ రాస్తోంది. "సోమరిపోతుల స్కిల్ అని నన్ను నవ్వినోనివి. ఊకెనే అటు పోతవా నువ్వు? నిజం చెప్పు."

రోగం దాచడానికి అతను చేసిన పనే రోగాన్ని పట్టించింది. ఆ మార్పు అర్థమయ్యే మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

"ఏమని రాద్దాం సిస్టర్?"

"మీ ఇష్టం రాజేశం గారూ. అబద్ధం మాత్రం నా వేళ్లతో రాయించకండి."

"అయితె రాయుండ్రి. చేతులు లెవ్వు, కాళ్లు లెవ్వు అని రాయుండ్రి."

రాశాను. ఆమె యోధురాలు నడిచి వచ్చి అతని పాత్ర పక్కన నిలబడింది. గుహలోని రాక్షసులు వచ్చి కొడుతున్నా ఆమె కత్తి ఎత్తలేదు. ఆరా గాయాలు మాన్పుతూనే ఉంది. నేను ట్రాలీ వదిలి అక్కడే ఉండిపోయాను. చివరికి రెండు మాటలు వచ్చాయి.

"ఇంటికి రా. ఎట్లుంటె అట్ల రా."

మర్నాడు సోషల్ వర్కర్, ఈ దేశంలో అనుమతి ఉన్న ఒక యాప్‌లో వీడియో కాల్ పెట్టించింది. వాళ్లు ఏడుస్తారని మంచం చుట్టూ ఉండే తెర లాగి పక్కకు జరిగాను. మమత మొదటి మాట అతని మొహం గురించి.

"గడ్డం ఎవలు గీస్తున్రు?"

"ఈ అక్కనే."

"మంచిగనే గీస్తున్నది. నువ్వు గీసుకుంటె సగం ఉండేది."

తర్వాతే ఇద్దరూ ఏడ్చారు.

అతను ఆమె పేరు ఇచ్చాడు. కాగితాలు కదిలాయి. ఆ రోజుల్లో నేను మమతకు వీడియోలో పని నేర్పాను. లాగ్ రోల్, అంటే మెడ, నడుము మెలిపడకుండా మనిషిని మొద్దులా ఒకేసారి పక్కకు తిప్పడం. ఆమె అత్తగారిని మంచం మీద పడుకోబెట్టి అభ్యాసం చేసేది. అత్తగారు కింద నుంచి తిట్టేది, "నీ మొగుడు రాకముందే నా నడుము ఇరుగుతది," అని. రాజేశం ఇక్కడ ఊపిరాడకుండా నవ్వేవాడు. నవ్వాక దగ్గు వచ్చేది. ఆ దగ్గు నాకు నచ్చలేదు.

ఎయిర్‌లైన్ ఒప్పుకున్న వారంలోనే జ్వరం వచ్చింది. న్యుమోనియా. ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కింది. దాన్ని సెప్సిస్ అంటాం. ఐసీయూకి మార్చి వెంటిలేటర్ పెట్టారు. డాక్టరు ప్రయాణం రద్దు చేశాడు.

మమత ఏడవకుండా అడిగింది. "అక్కా, ఆట తెరిచి పెడితె చాలు గదా? ఆయన ఏం నొక్కకున్నా ఆరా నడుస్తది గదా?" ఐసీయూ ఇన్‌చార్జి సిస్టర్‌తో మాట్లాడి, ఫోనును ప్లాస్టిక్ కవర్లో పెట్టి అతని తలగడ పక్కన ఉంచాను. నా డ్యూటీ అయ్యాక వచ్చి ఆట తెరిచేదాన్ని. కదలకుండా ఉంటే అది మూసుకుపోతుంది కనుక అప్పుడప్పుడు తెర తాకేదాన్ని. ఆమె వచ్చి పక్కన నిలబడేది. ఎక్కడికీ వెళ్లేది కాదు. బైబిల్లో, కింద యుద్ధం సాగుతుంటే తన జనం కోసం కొండ మీద చేతులెత్తి నిలిచిన ముసలి ప్రవక్త, ఆ చేతులు బరువెక్కితే చెరోవైపు నిలిచి పట్టుకున్న ఇద్దరు, వాళ్లు నాకు గుర్తొచ్చేవారు. మన ప్రభువు కూడా ఎందరి పక్కనో ఊరికే నిలబడ్డాడు కదా అనుకునేదాన్ని.

అతను పోయింది అలాంటి ఒక సాయంత్రమే. డాక్టరు మమతకు ఫోను చేసి చెప్పాడు. నేను ఐసీయూ సిస్టర్లతో కలిసి అతని కళ్లు మూసి, గొట్టాలు తీసే పనిలో ఉన్నాను. ఆట ఇంకా తెరిచే ఉంది, ఆమె యోధురాలు ఇంకా పక్కనే ఉంది. ముట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అప్పుడు ఆమె రాసింది.

"అక్కా, ఇగ తియ్యుండ్రి. ఆయనను పండనియ్యుండ్రి."

తీశాను.

స్ట్రెచర్ కోసం వారాలు పట్టిన చోట, అతని శవపేటిక ఇల్లు చేరడానికి కొద్ది రోజులే పట్టాయి. పదిహేను రోజుల ముందు పేరు ఇచ్చి ఉంటే అతను ఇంటి మంచం మీద ఉండేవాడేమో. దేవునికే తెలుసు. నిజం తెలిసిన ఆ కొద్ది వారాలైనా ఆ భార్యాభర్తలకు దక్కాయని మమతే నాకు చెప్పింది. "చేతులు లేని మొగన్ని గూడ చూసుకున్న అక్కా. చూడకుంట పంపలే," అంది.

ఈ కేసు తర్వాత నా అడ్మిషన్ ప్రశ్నలు మారాయి. నొప్పి ఎక్కడ, అలర్జీలేమిటి అన్న తర్వాత, మీ ఇంట్లోవాళ్లకు ఏం చెప్పారు అని అడుగుతాను. దాచినవాళ్లను గద్దించను. దాచడంలో కూడా ప్రేమ ఉంటుందని చూశాను. కానీ అవతలి మనిషికి మోయగల బలం ఉందని వాళ్లకు నెమ్మదిగా చెప్తాను. ఇక నేను చేయగలిగింది ఏమీ లేని మంచం దగ్గర, వెళ్లిపోకుండా కాసేపు నిలబడతాను. అది కూడా వైద్యమేనని రాజేశం దగ్గర నేర్చుకున్నాను.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి దేవుణ్ణి అడగండి. మెట్‌పల్లి దగ్గర ఆ ఇంట్లో ఉన్న మమతను, ఆమె అత్తగారిని ఆయన ఆదరించాలని. ఈ ఎడారి దేశంలో ఏదో ఒక మంచం మీద పడుకుని, ఇంటికి ఫోన్ చేసి బాగున్నానని చెబుతున్న ప్రతి మనిషికీ నిజం చెప్పే ధైర్యాన్ని, అది వినేవాళ్లకు నిలబడే బలాన్ని ఆయన ఈ పూటే ఇవ్వాలని. ఆమేన్.