సబ్బు రాసిన బెల్టు

నా చిన్నప్పుడు, పొల్లాచ్చి దగ్గర మా ఊళ్ళో ఎవరింట పెళ్ళి జరిగినా పెళ్ళికొడుకు మా తాతయ్య కారులోనే వచ్చి దిగేవాడు. పొలాలు పోయాయి, కొబ్బరినూనె మిల్లు చేతులు మారింది. ఆ మర్యాద ఒక్కటే మాకు మిగిలింది. కారును తాతయ్యే నడిపేవారు, సీటుకు వీపు ఆనించకుండా.

ఒక ఏడు ఆ కారు కీచుమనడం మొదలుపెట్టింది. ఇంజను ముందు తిరిగే ఫ్యాను బెల్టు అరుపు అది. స్టార్టు చేయగానే వీధంతా తిరిగి చూసేది. నలుగురి ముందు బానెట్ ఎత్తడం తాతయ్యకు నామోషీ. షెడ్డు తలుపులు మూసి బెల్టుకు బట్టల సబ్బు రాసేవారు. రెండు రోజులు అది నోరు మూసుకునేది.

రేపు పెళ్ళి అనగా మిల్లు అత్త వచ్చింది. మా మిల్లు కొన్న ఇంటి కోడలు ఆమె. అక్కడి మోటార్లు, బెల్టులు ఆమె చేతి మీదే నడిచేవి.

"అయ్యా, మా చిన్న మోటారుకు బెల్టు తేవాల. కొలతకు మీ కారుది ఒక తూరి ఇస్తారా?" అని గడప బయటే నిలబడి అడిగింది.

అడిగినవాళ్ళకు లేదనడం మా ఇంట్లో లేదు. తాతయ్య తలాడించారు. అత్త బెల్టు విప్పుకుని, నన్నూ వెంట తీసుకెళ్ళింది.

మిల్లు అరుగు మీద కూర్చుని బెల్టు లోపలి వైపు పైకి వచ్చేలా వెనక్కి వంచింది. నున్నగా కనబడిన రబ్బరు నిండా అడ్డచీలికలు నోళ్ళు తెరిచాయి. ఒకచోట దారాలు బయటపడ్డాయి.

"పక్కలు చూడు పిల్లా, అద్దం మాదిరి మెరుస్తుండాయి. పట్టు పోయి జారుతుండాది. అందుకే అరుస్తుండాది."

"సబ్బు రాస్తే అరవదు కదత్తా?"

"అరవదు. చెప్పకనే తెగుతుంది. ఇంజను కాగిపోయి నడిదోవలో నిలిస్తే, పెండ్లికొడుకు బస్సులో కమ్మీ పట్టుకుని వస్తాడు."

సాయంత్రం కొత్త బెల్టుతో వచ్చింది. "మీది మావాళ్ళు లాగి తెంచేసినారయ్యా. మన్నించాల," అంది. తాతయ్య ఆ కొత్త బెల్టును అందుకుని వెనక్కి వంచి చూశారు. "లోపలికి రామ్మా. కూర్చో, కాఫీ తాగిపో," అన్నారు. మిల్లు అమ్మిన తర్వాత ఆ ఇంటివాళ్ళను ఆయన లోపలికి పిలవడం అదే మొదలు.

మర్నాడు కారు చప్పుడు చేయకుండా ముహూర్తానికి ముందే పందిరి చేరింది. పెళ్ళికొడుకు దిగాక తాతయ్య సీటుకు వీపు ఆనించి గట్టిగా ఊపిరి వదిలారు.

ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. దేనికీ ఆనని ఆయన వీపు నాకు ఎప్పుడో వచ్చింది. ఈనాటి కార్లలో ఏసీని, బ్యాటరీకి ఛార్జి ఇచ్చే యంత్రాన్ని అన్నింటినీ పొడవాటి ఒక్క బెల్టే తిప్పుతుంది. మొన్న కోయంబత్తూరులో నా కారు కీచుమంది. పక్కకు తీసి, వీధిలోనే బానెట్ ఎత్తి, ఎదురు వర్క్‌షాపు మెకానిక్‌ను నేనే పిలిచాను. ఇప్పటి రబ్బరు చీలకపోయినా బెల్టు లోపలి గాడులు అరిగిపోతాయని, ఇది అరిగిందని, మారిస్తే చాలునని చెప్పాడు. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తూనే ఉన్నారు. అతను కొత్త బెల్టు బిగించేదాకా నేను కారుకు వీపు ఆనించి నిలబడ్డాను.