చక్రాల మీది తెల్ల మచ్చలు

నా కారు చక్రాలకు ఏ రోగం పట్టుకుందో చాలా రోజులు నాకు అంతుపట్టలేదు. కోరుట్ల నుంచి పెళ్లిళ్లకు కిరాయికి తిప్పే బండి అది. పెళ్లికొడుకు ఎక్కే బండి కదా, జనం ముందు పూలదండలు చూస్తారు, ఆ తర్వాత చక్రాలే. అందుకని జగిత్యాలలో ఒక దుకాణంలో చక్రాల పాత పూత తీయించి, ముఖం కనిపించేలా పాలిష్ చేయించాను. వారం తిరగకముందే తెల్లటి మచ్చలు లేచాయి, గోడకు ఉప్పు పొంగినట్టు.

మొదట బ్రేకుల దుమ్ము అనుకున్నాను. షాంపూ నీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిచాను. పాతవి పోలేదు సరికదా, కొత్తవి వచ్చాయి. తర్వాత మా బోరు నీళ్లను అనుమానించాను. ఆ తర్వాత వీర్నపల్లి దారిలోని బురదను. చివరికి వీధి కుక్కలను కూడా వదల్లేదు. పాపం, కర్ర పట్టుకుని వాటిని తరిమాను.

సిరిసిల్లలో ఒక పెళ్లింటి పెద్దమనిషి చక్రాల వంక చూసి, "బండి మంచిగున్నదంటివి గదా, గిదేంది?" అన్నాడు. ఆయన చిన్న కొడుకు పెళ్లికి వేరే బండి పెట్టుకున్నారని తర్వాత తెలిసింది. నాకు ఒళ్లు మండింది. ఆ కోపమంతా తీసుకెళ్లి జగిత్యాల పాలిష్ ఆయన మీద కుమ్మరించాను. ఆయన చక్రం మీద వేలితో రాసి చూశాడు.

"నా పనిల తప్పు లేదన్నా. పూత తీసినంక గిది ఒట్టి అల్యూమినియం. దీనికి పులుపు తగిలింది. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నరా?"

నిమ్మకాయలు తొక్కించింది బండి కొన్న రోజు ఒక్కసారే. నాలుగు చక్రాల నిండా ఇన్ని మచ్చలు ఎలా వస్తాయి? వెళ్లేటప్పటికంటే ఎక్కువ అయోమయంతో ఇంటికి తిరిగొచ్చాను.

పెళ్లిళ్ల అలసటకు మామూలుగా నేను పొద్దెక్కేదాకా పడుకుంటాను. మరుసటి రోజు పెగడపల్లి వెళ్లాల్సి ఉండి ముందే లేచాను. వాకిట్లో ముందు చక్రం దగ్గర మా బాపు, అంటే మా నాన్న, కూర్చుని ఉన్నాడు. పక్కన గిన్నెలో నానబెట్టిన చింతపండు, ఉప్పు. వంగి చక్రాన్ని తోముతున్నాడు.

బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. నడుముకు కట్టుకునే మోకు తెగి కింద పడ్డప్పటి నుంచి చెట్టు మానేశాడు, మాటా తగ్గించాడు. గీసే రోజుల్లో కత్తికి ఇంత తుప్పు మరక కనిపించినా చింతపండూ ఉప్పూ పెట్టి తోమి, అది పోయాకే చెట్టు దగ్గరకు వెళ్లేవాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. ఏం రావాలో కూడా తెలియలేదు.

"ఏం జేస్తున్నవు బాపు?"

"పూత తీపిస్తివి గదా, తుప్పు వడుతుందిరా. నేను రోజు తోముతనే ఉన్న, అది రోజు పెరుగుతనే ఉన్నది." తల ఎత్తకుండానే అన్నాడు. "మోకు పాడైంది నేను సూసుకోలే, పడ్డ. నువ్వు గంత జోరు మీద పోతవు. చక్రం ఇరిగితే ఏం గావాలె?"

"అల్యూమినియంకు తుప్పు వట్టది బాపు."

చెయ్యి ఆపి నా ముఖంలోకి చూశాడు. కళ్లలో భయం అలాగే ఉంది. వేళ్ల చివర్లు పులుపుకు నాని, పాలిపోయి, పగిలి ఉన్నాయి.

"మరి గీ మచ్చలేంది?"

నీ చేతివే అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తన వల్లే వచ్చాయని తెలిస్తే ఈ మనిషి ఇక బండిని ముట్టుకోడు. ముట్టుకోకుండా, నేను తిరిగొచ్చేదాకా వాకిట్లో కూర్చుని భయపడుతూ ఉంటాడు. చెప్పకపోతే చక్రాలు పోతాయి, వాటితో పాటు బేరాలూ పోతాయి. ఏది పోతే నయమో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఏమో బాపు" అన్నాను.

ఆయన మళ్లీ తోమడం మొదలుపెట్టాడు. నేను గిన్నెలోంచి ఇంత చింతపండు తీసుకుని వెనక చక్రం ముందు కూర్చున్నాను.