మా బావ మూసిన కన్ను

మా బావ నాగసుబ్బయ్యకు ఈ లోకంలో ఏ వస్తువూ తిన్నగా కనబడదు. అగరువత్తి ఇచ్చినా, పప్పుగరిటె ఇచ్చినా, మునక్కాయ ఇచ్చినా ఒక కొస ముక్కు దగ్గర పెట్టుకుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో దాని పొడవునా చూసి, "వంకర ఉండాది" అంటాడు. కోయిలకుంట్ల సంతలో మునక్కాయలమ్మే రామేశ్వరమ్మ ఆయన వస్తున్నాడంటేనే గంప మీద గోనెపట్ట కప్పేస్తుంది.

నాకు తిన్నగానే ఉందే అని ఎవరైనా అన్నారనుకోండి, జవాబు సిద్ధం.

"నువ్వు మూసిన కన్ను తప్పప్పా."

సరేనని రెండో కన్ను మూసి చూస్తే, "ఇప్పుడు తెరిసింది తప్పు" అంటాడు. ఇక ఆయనతో ఎవరు గెలుస్తారు?

నా పెళ్ళిచూపులకు ఈయన్ని తీసుకురావద్దే తల్లీ అని మా అక్క ప్రమీలమ్మ దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినలేదు. ప్రొద్దుటూరులో పిల్ల తండ్రి మర్యాదగా చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి ఎదురొచ్చాడు. అంతే. బావ ఆ కర్ర అందుకుని, కన్ను మూసి, అందరి ముందూ "వంకర ఉండాది మామా. కొంచెం సెగ చూపిస్తే సరిపోతాది. మీ పొయ్యి యాడుండాది?" అన్నాడు. పాపం ఆ పెద్దమనిషి కర్ర లేక గోడ పట్టుకుని నిలబడ్డాడు. తలుపు వెనకనుంచి కిసుక్కుమని నవ్వు వినబడింది. ఆ నవ్విన సుచరితే ఇప్పుడు మా ఇంటావిడ. అందుకని బావ మీద నాకు పూర్తి కోపం లేదు, సగమే.

ఈ జబ్బుకు మూలం బాణాలు. పేరుకు మా బావది కిరాణా అంగడి. మనసంతా బాణాల మీదే. ఏటా దసరాకు మా ఊళ్ళో పార్వేట జరుగుతుంది. స్వామి పల్లకీలో వేటకు వస్తాడు. స్వామి తరఫున మా ఊరి విలుకాడు అయ్యన్న విల్లు పట్టి, గుట్టకింద బీడులో నాటిన అరటిబోదెను కొడతాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి అయ్యన్న పక్కన కూర్చుని మా బావ బాణాలు చేయడం నేర్చుకున్నాడు. అప్పటినుంచీ ఆ బాణాలు చేసిచ్చేది ఈయనే.

మోపెడు సన్న వెదుళ్ళు తెప్పిస్తే అందులో ఆయనకు నచ్చేది ఒకటో రెండో. మిగతావన్నీ అక్క చిక్కుడుపందిరికి పోతాయి. నచ్చినదాన్ని పొయ్యి సెగకు కాస్తాడు, వంకర తీస్తాడు, మోకాలి మీద పెట్టి ఎంత వంగుతుందో చూస్తాడు, యాలకులు తూచే తక్కెడలో వేసి తూస్తాడు. ఇంట్లో అక్క సణుగుడు వేరే.

"రొట్టెలు కాల్చేదానికి పొయ్యి యాడ ఖాళీ? ఈయప్ప బాణాలు కాలుస్తాండాడు!"

బాణం వెనక కట్టడానికి ఈకలు కావాలి. మా శెట్టి బావ కోడి ముట్టడు, కానీ ఈకలు కోడికే ఉంటాయి. ఏం చేస్తాడు? పొద్దున్నే దావీదురాజు చికెన్ అంగడి ముందు నిలబడతాడు.

"అన్నీ ఒకే పక్క రెక్కవి కావల్లప్పా. ఎడమవైతే అన్నీ ఎడమవే. కలిస్తే బాణం గాల్లో తిక్కతిక్కగా పోతాది."

"ఈకలు నీకు, కోడి నాకు. ఇట్లాంటి బేరం నా జన్మలో చెయ్యల్యా శెట్టీ!"

శెట్టి చికెన్ అంగడి కాడ కనబడ్డాడన్న మాట ఆయనకంటే ముందే ఇల్లు చేరింది. అక్క గుమ్మంలోనే ఆపి సంచీ గుంజుకుంది.

"నేను తిన్లేదే! ఉత్త ఈకలే!"

"అయ్యో నా తండ్రీ, ఈకలు గూడా తింటాండావా?"

ఆ రోజు ఇల్లంతా పసుపునీళ్ళతో కడిగింది. బావను కూడా కడిగింది.

సరే, అసలు సంగతికి వస్తాను. పోయిన దసరాకు అయ్యన్న బాణం బోదెను తప్పి తప్పెటవాళ్ళ వైపు పోయింది. ఎవరికీ తగల్లేదు, అదే పదివేలు. ఆ ఏడు వానలు కూడా మొహం చాటేసేసరికి, బాణం తప్పినందుకే ఇదంతా అని ఉత్సవ కమిటీవాళ్ళు అయ్యన్నను పిలిచి, ఈసారి కూడా తప్పితే విల్లు ఇంకొకరికి ఇస్తామని తేల్చి చెప్పేశారు. డెబ్బై దాటిన మనిషి. మిగతా ఏడాదంతా ఊళ్ళో ఆయన్ని పలకరించేవాళ్ళే తక్కువ. పార్వేటనాడు మాత్రం పల్లకీ ఆయన కోసం ఆగుతుంది. అది కూడా పోతే ఆయనకు ఇంకేం మిగలదు.

ఈ ఏడు పండగకు ముందు అయ్యన్న విల్లు తీసుకుని అంగడికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"పెద్దాయనా, ఒకసారి నారి లాగు, చూస్తా" అన్నాడు బావ.

లాగాడు. ఒకప్పుడు చెవిదాకా వచ్చే నారి గడ్డం దగ్గరే ఆగిపోయింది.

"ఈసారి మెత్తని బాణం చేస్తా. లాగుడు తగ్గితే బిర్రుగా ఉండే గట్టి బాణం వంగదు. విల్లును రాసుకోని పక్కకు పోతాది."

అయ్యన్న మొహం ఎర్రబడింది. "ఎవురి లాగుడు తగ్గింది శెట్టీ? మెత్తనిది పిల్లోళ్ళకు ఇచ్చుకో. నాకు ఎప్పటి బాణమే కావల్ల!"

"సరే పెద్దాయనా. ఎప్పటిదే."

నేను నోరు తెరిచాను. మునక్కాయ విషయంలోనే ఒక మెట్టు దిగని మనిషి, బాణం విషయంలో మారుమాట లేకుండా ఒప్పుకోవడమా!

పార్వేటనాడు ఎండ మాడ్చేస్తోంది. ఆకాశంలో మబ్బుతునక లేదు. బావ మాత్రం చంకలో గొడుగుతో వచ్చాడు.

"ఏం బావా, వానమీద అంత నమ్మకమా?" అన్నాను.

"నోరు మూసుకోని చూడరా" అన్నాడు.

పల్లకీ ఆగింది. తప్పెట్లు ఆగాయి. అయ్యన్న స్వామికి మొక్కి, బాణం సంధించి వదిలాడు. బోదెకు ఎడమ పక్క, మూరెడు దూరంలో పోయి మట్టిలో దిగబడింది.

అయ్యన్న చేతిలో విల్లు కిందికి జారింది. కమిటీ పెద్ద గొంతు సవరించుకుంటూ లేచాడు.

అంతలో మా బావ పంచె ఎగ్గట్టి మైదానంలోకి ఒకటే పరుగు. బాణం పీకాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా కన్ను మూశాడు.

"వంకర! వంకర ఉండాదప్పా! పెద్దాయనది తప్పు ల్యా. వంకర బాణం ఇచ్చింది నేను. తప్పు నాది!"

ఒక్క క్షణం జనానికి అర్థం కాలేదు. తర్వాత చూడాలి ఆ నవ్వులు! ఇన్నేళ్ళూ ఆయన చేత వంకరలు పట్టించుకున్న ఊరంతా బాకీ తీర్చుకుంది.

"నా మునక్కాయలకు పేర్లు పెట్టినావే శెట్టీ! ఇప్పుడేమాయె?" అని రామేశ్వరమ్మ గంప లేకుండానే చేతులు తిప్పింది.

"ఎడమ రెక్క ఈకలేనా, చూసుకున్నావా శెట్టీ?" అని అరిచాడు దావీదురాజు.

బావ తల దించుకుని అన్నీ పడ్డాడు. నవ్వులు తగ్గాక గొడుగులోంచి ఇంకో బాణం తీశాడు. అదే ఎర్రదారం, అవే ఈకలు, అంతే పొడవు.

"ఇది ఎప్పటిదే పెద్దాయనా. నమ్మి వెయ్యి."

అయ్యన్న దాన్ని వేళ్ళ మధ్య కొంచెం వంచాడు. మెత్తగా వంగింది. జీవితమంతా బాణాలు పట్టిన చెయ్యి, దానికి తెలియకుండా ఉంటుందా? బావ మొహంలోకి ఒకసారి చూశాడు. విల్లెత్తాడు. నారి మళ్ళీ గడ్డం దాకానే వచ్చింది. కానీ బాణం పోయి బోదె నడుమ దిగింది. తప్పెట్లు మోగాయి, కుర్రాళ్ళు అయ్యన్నను భుజాలమీద ఎక్కించుకున్నారు. కమిటీ పెద్ద కూడా చప్పట్లు కొట్టక తప్పలేదు.

సాయంత్రం అంగడిలో మూల పడున్న మొదటి బాణం నా కంటబడింది. ముక్కు దగ్గర పెట్టుకుని ఎడమ కన్ను మూసి చూశాను. కుడి కన్ను మూసి చూశాను. నూలు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. తన చేతి బాణానికి వంక పెడితే దేవుడితోనైనా తగువు పెట్టుకునే మనిషి, ఊరి ముందు అంత అబద్ధం ఆడాడు! నాకైతే ఆయన్ని అక్కడికక్కడే వాటేసుకోవాలనిపించింది.

"బావా, దీంట్లో వంకరే లేదు గదా?"

ఆయన యాలకులు తూస్తూ తల కూడా ఎత్తలేదు.

"నువ్వు మూసిన కన్ను తప్పప్పా."