తెరిచిన అరచేతుల సాంచిన్

అమెరికాలో, ట్రాయ్ ఊళ్లోని ఒక ఆసుపత్రిలో భానుమతి పాథాలజిస్టు. పగలంతా ఆమెకు తోడు మైక్రోస్కోపే. పెళ్లి చేసుకోలేదు. తెలుగువాళ్ల పాట్‌లక్ విందుల్లో మొదట్లో సంబంధాలు చెప్పేవారు. నలభై దాటాక అవి ఆగిపోయాయి, మెల్లగా పిలుపులూ పలచబడ్డాయి.

1979 చలికాలంలో పాత కోట్లు ఇచ్చి వద్దామని చర్చి బేస్‌మెంట్‌లోకి దిగింది. అక్కడ తెల్లబట్టల్లో ఒక పొట్టి ఆవిడ, పాదం నేలకు అతికించినట్టు ఒక్కో అడుగే వేస్తూ, సముద్రపు హోరులాంటి ఊపిరి వదులుతోంది. పేరు కియోకో మిల్లర్. ఒకినావా దీవిలో అమెరికన్ సైనికుణ్ణి పెళ్లాడి ఈ దేశం వచ్చింది. భర్త పోయాక, తండ్రి నేర్పిన కరాటేని ఫ్యాక్టరీ కుర్రాళ్లకు చెబుతోంది. గుమ్మంలో నిలబడిపోయిన భానుమతిని చూసి, "బూట్లు విప్పు, డాక్టర్‌వైనా సరే" అంది, మెడలో ఆసుపత్రి బ్యాడ్జి చూసి.

"ఈ వయసులో కరాటే ఏంటండీ!" భానుమతి ఆ క్లాసులో చేరిందని విని, పాట్‌లక్‌లలో పరిచయమైన రాధారాణి ఫోన్‌లో నవ్వింది. "వెయిట్ తగ్గాలంటే మా వాకింగ్ గ్రూప్‌లో జాయిన్ అవ్వండి."

ఆ గ్రూపు ఎప్పుడు నడుస్తుందో మాత్రం చెప్పలేదు.

క్లాసయ్యాక కియోకో, భానుమతి ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చునేవారు. ఒకరోజు కియోకో తన విద్య పుట్టుక చెప్పింది.

"మా నాన్నకు నేర్పింది తెయిరా అనే ముసలాయన. ఆయనకు ఒక తేయాకు వర్తకుడు. ఆ వర్తకుడు ఓడెక్కి చైనా వెళ్లి, కొంగ నడకలో యుద్ధం నేర్పే గురువింట్లో నీళ్లు మోసి నేర్చుకున్నాడు. నాన్న తర్వాత మా అన్నయ్య."

"మరి మీరు, సెన్సే?" గురువుని జపాను మాటతోనే పిలిచేది భానుమతి.

"నేను కిటికీ బయట నిలబడి చూసేదాన్ని. తర్వాత నాన్నకు చూపు పోయింది, అన్నయ్య టోక్యోలో. నా భుజాలు చేత్తో తడిమి నాకే దిద్దాడు. కానీ ఆ వరసలో నా పేరుండదు."

భానుమతికి తెనాలి గుర్తొచ్చింది. నాన్నగారు రోజూ ప్రవర చెప్పుకునేవారు: ఋషుల పేర్లు, గోత్రం, చివర తన పేరు. అది తమ్ముడికి నేర్పారు. ఆమెకు వినగా వినగా వచ్చేసింది, ఎవరూ అడగలేదు. ఆ సంగతి చెబితే కియోకో మళ్లీ టీ పోసింది.

1984లో కియోకో అన్నయ్య పోయాడు. ఆయన శిష్యుడు అమెరికా శాఖలన్నీ చూసుకుంటూ ఇక్కడికీ వచ్చాడు. కియోకో చేసే సాంచిన్ చూశాడు. ఊపిరితో ఒళ్లంతా బిగించి చేసే అభ్యాసం అది, ఆ విద్యకు మూలం.

"అరచేతులు తెరవకూడదు. పిడికిలి బిగించాలి," అన్నాడు మర్యాదగానే.

"మా నాన్న ఇలాగే చేశాడు."

"మీ అన్నగారు మార్చారు. మీరూ మారండి, లేదంటే మా పేరు వాడొద్దు."

మర్నాడే కియోకో స్టూలెక్కి స్కూలు పేరున్న బోర్డు దించేసింది. తమ బెల్టులు చెల్లవని తెలిసి కుర్రాళ్లు వేరే స్కూళ్లకు పోయారు. భానుమతి మిగిలింది. రెండేళ్లు ఆ బేస్‌మెంట్‌లో ఇద్దరి ఊపిరే వినిపించింది. తర్వాత మోకాళ్లు మొరాయించి, కియోకో ఒరెగాన్‌లో కూతురు లిండా దగ్గరకు వెళ్లిపోయింది.

"నా తర్వాత నువ్వే," అంది ఎయిర్‌పోర్టులో.

"నా వెనక ఎవరూ లేరు, సెన్సే."

"నేనూ అలాగే అనుకున్నాను."

భానుమతి చర్చిలో కరాటే క్లాసు నోటీసు పెట్టింది. ఒకే ఒక్కడు వచ్చాడు. టీచరు ఎప్పుడొస్తారని ఆమెనే అడిగి, జవాబు విని, మొహమాటంగా వెళ్లిపోయాడు.

1988 వసంతంలో లిండా ఫోన్ చేసింది. కియోకో నిద్రలోనే పోయిందట. ఆసుపత్రిలో అయినవాళ్లు పోతేనే లీవు ఇస్తారు. "మీకేమవుతారు?" అని ఆఫీసులో అడిగితే, "మా అమ్మ చెల్లెలు," అంది భానుమతి తడుముకోకుండా.

ఒరెగాన్‌లో అంత్యక్రియలయ్యాక లిండా తన ఇంట్లో కాఫీ ఇస్తూ, "అమ్మ చేసేది ఏదో ఎక్సర్‌సైజ్ అనుకున్నాను. ఒకసారి చూపిస్తారా?" అంది.

భానుమతి చెప్పులు విప్పి, పెరట్లో తడిగడ్డి మీద నిలబడింది. అరచేతులు తెరిచి మొదటి అడుగు వేసింది. సగంలో వంటింట్లో ఫోన్ మోగింది. లిండా లోపలికి వెళ్లింది, మాటలు సాగుతూనే ఉన్నాయి. భానుమతి ఆపలేదు. చివరి ఊపిరిదాకా చేసి, ఎదురుగా ఉన్న చెక్క కంచెకు వంగి నమస్కరించింది. పాదాలు తుడుచుకుని లోపలికొచ్చి, సింకులో ఉన్న కప్పులు కడగసాగింది.